పదుగురు గూడు చోట పద్యము, కథ
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు వచ్చిన పుస్తకముల లెక్కకు ఒక రిజిస్టరు కలదు. ఇచ్చి పుచ్చుకొను పుస్తకములకు మరియొకటి కలదు. గడప దాటి లోనికి రానివారి లెక్కకు మాత్రము రిజిస్టరు లేదు. రజతోత్సవ దినమున తప్పక చూడవలసినది ఈ వ్రాయని లెక్కయే.

వేటపాలెమున విద్యాభిమానమునకు లోటు లేదు. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు 1918లో స్థాపించిన సారస్వత నికేతనము ఇచ్చటిదే. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. అందలి పాత పత్రికల కొరకు దూరప్రాంతముల నుండి పరిశోధకులు వచ్చుచుందురు. అయినను ఇదే యూరిలో గుంటమగ్గము వీడి రాలేని నేతగాడు కలడు. అతని కూలి నేసిన బట్టను బట్టి వచ్చును. పఠనాలయమున గడపిన గంట కూలి తగ్గిన గంట. కండెలు చుట్టి, వంట చేసి, బిడ్డలను సాకు గృహిణికి ఆ గంటయు చిక్కదు. వీరికి కొరవడినది రుచి కాదు, తీరిక.

పద్యము పూర్వము అలమారలో నివసింపలేదు. వీధిబడి పిల్లల గొంతులో శతకమై, అరుగుమీద పురాణమై, రంగస్థలముపై నాటకమై జీవించినది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయముల పద్యములు నాటకపు పందిరి దాటి పొలముగట్లకు చేరినవి. అక్షరము రానివారును వానిని రాగమెత్తి పాడిరి, నచ్చిన పద్యమునకు "వన్స్ మోర్" అని కేకలు వేసిరి. కథానిక పిన్నది. గురజాడవారి దిద్దుబాటు 1910లో ఆంధ్రభారతి పత్రికలో వెలువడినది. అటుపిమ్మట వారపత్రికలతో పాటు కథయు రైలుపెట్టెలోనికి, క్షౌరశాల బల్లమీదికి వచ్చి కూర్చున్నది. జనములోనికి పోవు దారి ఈ రెంటికిని తెలియును.

ఆ దారిని గ్రంథాలయమునకు నేర్పినవారు ఈ డెల్టా ప్రాంతమువారే. 1935 అక్టోబరులో పాతూరి నాగభూషణముగారు పెదపాలెము, కొల్లూరుల నడుమ కాలువలో నడచు పడవలో గ్రంథాలయము నెలకొల్పిరి. పడవ ప్రయాణము నెమ్మది. సంతకు పోవువాడైనను, పెండ్లికి పోవువాడైనను, ఎక్కిన వానికి దిగువరకు వేరు పని లేదు. అట్టివాని చేతికి పుస్తకమో పత్రికయో అందినది. తీరిక చేసికొని గ్రంథాలయమునకు రమ్మని వారు ప్రయాణికుని అడుగలేదు. తీరిక యున్న చోటికే పుస్తకమును పంపిరి. గ్రంథాలయోద్యమమున ఇంతకు మించిన యుక్తి అరుదు.

అటుపిమ్మట ఏబదియొక్క సంవత్సరములకు, 1986లో, లండను భూగర్భ రైళ్లలో ప్రకటనల సరసన పద్యములు వెలసినవి. 2015లో ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్ పట్టణమున కథలిచ్చు యంత్రములను నిలిపిరి. మీట నొక్కినచో ఒకటి, మూడు, లేక ఐదు నిమిషములలో చదువదగిన కథ దుకాణపు బిల్లువంటి కాగితపు పట్టీపై వెలువడును, వెల లేదు. యంత్రము క్రొత్తదే కాని యుక్తి పడవనాటిదే.

నేడు ఆ పడవ ప్రయాణములు లేవు. వేచియుండు చోట్లు మాత్రము కలవు: రైల్వే స్టేషను, బస్సు ఆగు చోటు, రేషను దుకాణము, ఆసుపత్రి వరండా. చేతిలో ఫోను ఉండగా ఇవన్నియు ఎందుకని కొందరందురు. ఫోనులో పద్యము వెదకినవానికి దొరకును. గోడమీది పద్యము వెదకనివాని కంటను బడును. గ్రంథాలయము చేరవలసినది ఈ వెదకనివానినే.

దీనికి ధనము కొంచెము, శ్రద్ధ మెండుగ కావలయును. ఒక నల్లబల్లపై వారమునకొక పద్యము పెద్ద అక్షరములతో వ్రాసి, క్రింద కఠినపదములకు అర్థము చేర్చవలెను. దాత పేరు పద్యము కంటె చిన్నదిగా నుండవలెను. మార్చని బల్ల ఎవరును చూడని బల్ల యగును. కథలను ఒక్కొక్కటిగా కుట్టి, చదువుటకు పట్టు నిమిషములను అట్టపై వ్రాసి బల్లలపై ఉంచవచ్చును. ఇప్పటి రచయితల కథలకు అనుమతి పొందుట ధర్మము. మగ్గముల చప్పుడు ఆగిన సాయంకాలము నెలకొకసారియైనను ఒక చదువరి నేతవాడకు పోయి కథ చదివి వినిపింపవలెను. కండెలు చుట్టువారికి చేతులకే పని. చెవులకు తీరిక కలదు.

అంగటబెట్టినచో కవిత్వమునకు గౌరవము తగ్గునని పెద్దలు శంకింతురు. అరుగుమీద చదివినంత మాత్రమున పోతన భాగవతమునకు గౌరవము తగ్గలేదు. కథల కాగితములు పోవునను భయమును కలదు. పోయిన కాగితమును నష్టము క్రింద వ్రాయరాదు. ఏ యింటికో చేరినదని ఖర్చు వ్రాయవలెను.

రాబోవు సంవత్సరపు నివేదికలో "గ్రంథాలయము వెలుపల చదివినవారు, విన్నవారు" అని ఒక క్రొత్త గడి గీయుదురు గాక. మొదటి యేడు అందు పది పేర్లు చేరినను ఈ రజతోత్సవము సార్థకమగును.