ఆటపాటల పత్రికకు పదేళ్లు
(ఉగాది ఉత్సవాలలో భాగంగా జరిగిన మన గోడ పత్రిక దశమ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



విశ్వావసు నామ సంవత్సరాది నాడు మన మరాఠీ ఇరుగుపొరుగువారు గుడి నిలబెట్టుకొన్నారు, మనం పచ్చడి చేసుకొన్నాం. ఈ ఉగాదితోనే మన పఠన మందిరంలోని గోడ పత్రికకు పదేళ్లు నిండాయి. ఈ సందర్భంలో నాలుగు మాటలు చెప్పమని కుర్రవాళ్లు నన్ను పిలిచారు. ఆ పిలుపులో కొంత కొంటెతనం ఉన్నది. 2015లో, మన్మథ నామ సంవత్సరంలో, ఈ పత్రిక వద్దని కార్యవర్గంలో గట్టిగా వాదించినవాణ్ణి నేనే. ఆ సంగతి వారికి తెలుసు. తెలిసే పిలిచారు.

నా వాదం ఏమిటో మీకు మనవి చేస్తాను. పఠన మందిరం గోడ మీద భారతం నుంచీ శతకాల నుంచీ పద్యాలు రాసి పెట్టాలి గాని, సినిమా కబుర్లూ క్రికెట్టు స్కోర్లూ అంటించడమేమిటని నేను అడిగాను. బయట వీధి గోడల మీద ఆ బొమ్మలు చాలకనా, లోపల కూడా పెట్టడం? తెలుగు నిలవాలంటే పెద్ద సాహిత్యం కావాలి గాని ఈ కాలక్షేపం ఎందుకన్నాను. అప్పుడు మన ఆదివారపు తెలుగు తరగతికి వచ్చే పిల్లలు నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు అమ్మమ్మగారి బలవంతం మీద వచ్చేవారు. ఆ తరగతి చెప్పేవాణ్ణి నేనే గనుక ఆ లెక్క నాకు బాగా తెలుసు. అయినా నా వాదం మానలేదు.

నా మనసు మారిన రోజు కూడా చెప్పాలి. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్సులో పి.వి. సింధు ఫైనల్ ఆడింది. మొదటి గేము 21–19తో గెలిచి, తరువాతి రెండూ 12–21, 15–21తో కరోలినా మారిన్‌కు వదులుకొని రజత పతకం తెచ్చింది. ఆ వారం గోడ మీదికి ఒక చిన్నపిల్ల రాసిన కాగితం వచ్చింది. దిద్దే పని నాకు అప్పగించారు. నేను ఎర్ర పెన్సిలు తీసుకొని కూర్చొన్నాను. 'ల'కు 'ళ', 'న'కు 'ణ'. ఒత్తులు కొన్ని లేవు, కొన్ని ఎక్కువయ్యాయి. పద్నాలుగు తప్పులు లెక్కపెట్టాను. లెక్కపెట్టిన తరువాతనే ఆ పిల్ల ఏమి రాసిందో చదివాను.

ఆ పిల్ల పాయింట్ల సంగతి ఒక్క వాక్యంలో ముగించింది. మిగిలినదంతా ఆట ముగిసిన తరువాతి సంగతి. గెలిచిన మారిన్ నేల మీద పడి ఏడుస్తూ ఉంటే, ఓడిన సింధు వల దాటి వెళ్లి, ఆమెను లేవదీసి కౌగిలించుకొని, కింద పడిన ఆమె రాకెట్టు తీసిపెట్టింది. ఓడినవాళ్లకు అంత ఓపిక ఎక్కడినుంచి వస్తుందని ఆ పిల్ల అడిగింది. ఇంట్లో తాను తమ్ముడి చేతిలో క్యారం బోర్డులో ఓడితే కాయలు చెల్లాచెదరు చేస్తానని కూడా ఒప్పుకొన్నది. అయ్యా, ఓటమిని గురించి మన కావ్యాలు చెప్పినదే కదా ఇది! నేను ఎర్ర పెన్సిలు జేబులో పెట్టుకొన్నాను. ఆ కాగితం పద్నాలుగు తప్పులతోనే గోడ ఎక్కింది. మరుసటి ఆదివారం తప్పులు ఏవో తెలుసుకోవడానికి ఆ పిల్ల తనంత తాను తరగతికి వచ్చింది.

అప్పటినుంచి నేను కూడా కొంత చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ సిగ్గుపడ్డాను. ఆటలూ సినిమాలూ మనకు పరాయివనీ, ప్రవాసంలో ఉన్నవారికి అసలే పరాయివనీ నేను అనుకొనేవాణ్ణి. నిజం అందుకు తలకిందులుగా ఉన్నది. మనం నిలబడి ఉన్న ఈ నగరాన్నే చూడండి.

మొదట పత్రిక సంగతి. ఆంధ్రపత్రిక పుట్టినది బెజవాడలోనూ కాదు, మద్రాసులోనూ కాదు. అమృతాంజనం అమ్మిన సొమ్ముతో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908 సెప్టెంబరు 9న దానిని వారపత్రికగా ఈ బొంబాయిలోనే ఆరంభించారు. మద్రాసుకు వెళ్లి దినపత్రిక అయినది 1914లో. అంటే మన జాతికి అంత పేరు తెచ్చిన పత్రిక తన బాల్యమంతా ప్రవాసంలోనే గడిపింది.

తరువాత సినిమా. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తయారైనదీ ఇక్కడే. హెచ్.ఎం. రెడ్డిగారు దర్శకులు, అర్దేషిర్ ఇరానీగారు నిర్మాత. సురభి కమలాబాయిగారు లీలావతి, మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు. అది మొట్టమొదట ప్రదర్శింపబడినది కూడా బొంబాయి కృష్ణా సినిమాలోనే. మొదటి తెలుగు టాకీని తెర మీద చూసినవారు ఈ ఊరి ప్రేక్షకులు! ఏలూరు ప్రాంతం నుంచి చేతిలో పైసలు లేకుండా వచ్చిన ఎల్.వి. ప్రసాద్‌గారు 'ఆలం ఆరా', 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద' మూడింటిలోనూ చిన్న వేషాలు వేశారు. కరీంనగరంలో పుట్టిన పైడి జయరాజ్‌గారు మూకీల కాలంలోనే ఇక్కడికి వచ్చి హిందీ కథానాయకుడై 1980 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే బహుమానం పొందారు.

ఇక క్రికెట్టు. సి.కె. నాయుడుగారు 1895లో నాగపూరులో, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. మనవంటి వారే. 1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఎం.సి.సి. జట్టు వచ్చినప్పుడు, బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టు తరఫున ఆడి రెండు గంటల లోపల 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. ఒక బంతి జింఖానా కప్పు మీద పడింది. ఆ ఆట చూసి ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. 1932 జూన్‌లో లార్డ్స్‌లో భారతదేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకు నాయకుడు ఆయనే. చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేశారు. జట్టులో అంతకంటె ఎక్కువ చేసినవారు లేరు. ఆ టెస్టు 158 పరుగుల తేడాతో మనవారు ఓడిపోయారు. 61 ఏళ్లు వచ్చాక కూడా ఆయన రంజీ ట్రోఫీ ఆడారు. అరవైకే కీళ్ల నొప్పులని మూలకు చేరుతున్న నావంటివాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

పెద్ద పేర్లు అలా ఉంచండి. మన గోడ పత్రిక చేసిన పనులలో నాకు మిక్కిలి నచ్చినది పిల్లలు సేకరించిన ఆటల పట్టిక. ఇంట్లో తాతలనూ, పక్కింటి మరాఠీ ఆజోబాలనూ అడిగి రాసుకొన్నారు. మనకు చెడుగుడు, వారికి హుతుతు. ఈ ఆటనే అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వారు 1936లో బెర్లినులో ప్రదర్శించి వచ్చారు. మనకు కోతికొమ్మచ్చి, వారికి సూర్‌పారంబ్యా. మనకు బిళ్లంగోడు, వారికి విటీదాండూ. ఆ విటీదాండూలో దెబ్బలు లెక్కపెట్టే పాత మాటలు ఏమిటో తెలుసా? వకట, లేండ్, మూండ్, నాల్! ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేరే చెప్పాలా? ఎన్నడో ఏ పిల్లలు ఏ పిల్లలతో కలిసి ఆడుకొన్నారో గాని, మన అంకెలు మరాఠీ పిల్లల నోట ఆటలో నిలిచిపోయాయి. శాసనాలు చెరిగిపోతాయి, ఆటలో చేరిన మాట చెరగదు. ఈ సంగతి నా పద్యాల తరగతిలో ఎవరికీ దొరకలేదు. ఆటల పట్టికలో దొరికింది.

ఉత్సవం గనుక అంతా మెచ్చుకోలే చెప్పి పోవడం న్యాయం కాదు. మన పత్రిక ఒకసారి పెద్ద పొరపాటు చేసింది. 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని పెద్ద అక్షరాలతో రాసింది. ఒక కుర్రవాడు లేచి అది తప్పన్నాడు. పెద్దలం అతణ్ణి కోప్పడ్డాం. చిన్నప్పటినుంచి మేము విన్న తేదీ అదే మరి! తీరా చూస్తే కుర్రవాడిదే నిజం. పాత్రికేయులు రెంటాల జయదేవగారు పాత పత్రికల ప్రకటనలూ సెన్సారు వివరాలూ వెదికి, ఆ చిత్రం 1932 ఫిబ్రవరి 6న విడుదలైనదని తేల్చారు. మన మొదటి టాకీ పుట్టినరోజునే మనం దశాబ్దాలపాటు తప్పుగా చెప్పుకొన్నాం. ఎందుచేత? సినిమా కబుర్లే కదా, దాచిపెట్టడమెందుకని ఎవరూ దాచలేదు. ఆ చిత్రం ప్రతి కూడా నేడు దొరకడం లేదు. చివరికి ఆ తేదీని కాపాడినది, మనం చులకన చేసే పాత సినిమా ప్రకటన! ఆనాడు గోడ మీద కాగితం అంటించవద్దన్న నాకు ఇంతకంటె గట్టి జవాబు ఇంకెవరూ చెప్పలేదు.

మరి రెండు లోపాలు. అభిమాన నటుల పేర జట్లు కట్టి కొట్లాడుకోవడం ఈ గోడ మీదికి కూడా వచ్చింది. ఒక నెలలో సగం గోడ తిట్లతోనే నిండింది. పొగడ్తకు కారణం రాయండి, తెగడ్తకూ కారణం రాయండి. కారణం లేనిది గోడ ఎక్కనివ్వకండి. రెండవది, గెలిచినవారి వార్తలే వస్తున్నాయి. 2023లో 'నాటు నాటు' పాటకు ఆస్కారు వచ్చినప్పుడు మూడు వారాలు గోడంతా అదే. సంతోషమే! కాని మన వాడలో సెలవు రోజుల్లో భజనపాటలకు తబలా వాయించే పెద్దమనిషిని గురించి పదేళ్లలో ఒక్క పంక్తి రాలేదు. ఆయన నేడు ఈ సభలోనే వెనుక కూర్చొని ఉన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. పత్రిక ప్రారంభించిన కుర్రవాళ్లు చదువులకూ ఉద్యోగాలకూ ఊళ్లు విడిచి వెళ్లారు. ఇప్పుడు తెలుగు రాయగల చేతులు మూడే మిగిలాయి. ఇంగ్లీషులో వేద్దామని కొందరూ, పదేళ్లు చాలు, గౌరవంగా ముగిద్దామని కొందరూ అంటున్నారు. వచ్చే వారం కార్యవర్గం నిర్ణయించబోతున్నది. ఈసారి నా ఓటు పత్రిక వైపు, తెలుగు వైపు. కాని ఓటు ఒక్కటే చాలదు.

పెద్దలకు నా మనవి ఇది. మీలో మిల్లు కూత విని నిద్ర లేచినవారున్నారు. షిఫ్టు దిగి ఏ టాకీసుకు వెళ్లారో, టిక్కెట్టు ఎంతో, ఏ మైదానంలో ఏ ఆట చూశారో మీకు జ్ఞాపకం ఉన్నది. అది మరెక్కడా రాసి లేదు. మీరు చెప్పండి, పిల్లలు రాస్తారు. ఇంటికొకరు నెలకొక కాగితం ఇస్తే గోడ నిండుతుంది. పిల్లల రాతలో తప్పు కనబడితే దిద్దండి, కాని మొదట చదివి తరువాత దిద్దండి. ఆ వరుస తారుమారు చేసి నేను పోగొట్టుకొన్నది చాలు.

పిల్లలారా, మిమ్మల్ని ఆనాడు అడ్డుకొన్నందుకు ఈ సభాముఖంగా క్షమించమంటున్నాను. వచ్చే నెల గోడ మీద మొదటి కాగితం నాది. నేను చిన్నప్పుడు ఆడిన బిళ్లంగోడు ఆటను గురించి రాస్తాను. ఎర్ర పెన్సిలు ఇదిగో, ఈనాటి నుంచి మీ దగ్గర ఉంచండి. నా తప్పులు మీరు లెక్కపెట్టండి.