జీర్ణోద్ధరణము: ఒక అమెరికా కారు కథ

‘కొత్త యొక వింత, పాత యొక రోత’ అని మనకొక సామెత కలదు. అమెరికా దేశమున ఒక తరగతి మోటారు కార్ల విషయమున ఈ సామెత తలక్రిందులయినది. 1970 ప్రాంతమున కర్మాగారములనుండి వెలువడి, కొన్నియేండ్లు పరుగెత్తి, పిదప దొడ్లలోను కొట్టములలోను తుప్పుపట్టి పడియున్న కార్లను వెదకి తెచ్చి, అసలు భాగములతోనే వానిని మరల నిలువబెట్టుటకు ఏండ్లకేండ్లు వెచ్చించువారు అచ్చట అనేకులు కలరు. శిథిలమైన దేవాలయమును చక్కజేయుటను మనము జీర్ణోద్ధరణమందుము. వారు చేయు పనియు ఇంచుమించు అట్టిదే. ఆ పనిలోని మెలకువలెట్టివి, అసలు భాగములకై అంత పట్టుదల యేల, అను విషయమును నేడు ముచ్చటించుకొందము.

ఈ కార్లను అమెరికనులు ‘మజిల్ కార్లు’ అందురు. కండబలము గల కార్లని భావము. పెద్దకారుకు తగిన ఇంజనును మధ్యరకపు కారులో బిగించుటయే దీని సూత్రము. జనరల్ మోటార్స్ సంస్థలో మధ్యరకపు కార్లకు 330 ఘనపుటంగుళములకు మించిన ఇంజను వాడరాదని నియమముండెను. 1964వ సంవత్సరపు కార్లలో ఆ సంస్థకు చెందిన పాంటియాక్ శాఖవారు, జాన్ డిలోరియన్ నాయకత్వమున, 389 ఘనపుటంగుళముల ఇంజనును కొనువాడు కోరిన అమర్చు అదనపు సామగ్రిగా జూపి ఆ నియమమును దాటిరి. ఆ కారు పేరు జి.టి.ఓ. మొదట అయిదువేలకే ఒప్పుకొన్నను, ఆ మొదటి యేడే 32,450 కార్లు అమ్ముడయ్యెను. అది చూచి తక్కిన కంపెనీలును అదే త్రోవ పట్టినవి.

ఇట్టి కార్లలో మిక్కిలి అరుదైనదొకటి మన కథకు నాయకము. క్రైస్లర్ సంస్థకు చెందిన ప్లిమత్ శాఖ బారకూడా అను సముద్రపు చేప పేరిట ఒక కారును చేసెడిది. అందు బలిష్ఠమైన రకమును ముద్దుగా ‘కూడా’ అనిరి. మన తెలుగు ‘కూడా’తో దానికి చుట్టరికము లేదు. 1970లో ఈ కారునకు 426 ఘనపుటంగుళముల, అనగా సుమారు ఏడు లీటర్ల, హెమీ ఇంజను లభించెడిది. ఇంధనము మండు గది అర్ధగోళాకారమున నుండుటచే దానికాపేరు వచ్చినది. రెండు కార్బురేటర్లతో 425 అశ్వశక్తి దాని బలమని కంపెనీ ప్రకటన. అయితే ఈ ఇంజను కోరినవాడు అదనముగా 870 డాలర్లకు పైగా చెల్లింపవలెను. కావున 1970లో హెమీ ఇంజనుతో వచ్చిన బారకూడాలు, పైకప్పు కలవి 652, మడుచు కప్పు కలవి 14 మాత్రమే.

వాని కాలము త్వరలోనే ముగిసెను. 1970లో వాయుశుద్ధి చట్టము కట్టుదిట్టమయ్యెను. బీమా కంపెనీలు రుసుము పెంచెను. 1971తో హెమీ ఇంజను ఆగిపోయెను. 1973లో చమురు కొరత కలుగగా, దాహము మెండుగా గల ఈ కార్లను అడుగువారు కరవైరి. 1974లో బారకూడాయే ఆగిపోయెను. మిగిలినవానిలో కొన్ని పందెములలో ఇంజను పగిలి మూలబడినవి. ఉత్తర రాష్ట్రములలో మంచు కరగుటకై శీతకాలమున రోడ్లపై చల్లు ఉప్పు మరికొన్నిటి అడుగు రేకును తినివేసినది.

ఇట్టి కారొకటి చేతికి చిక్కినదనుకొనుడు. తెలిసిన పనివాడు ముందుగా స్పానరు పట్టడు. కాగితము, కలము పట్టును. కారును విప్పుటకు ముందు దానిని చదువవలెను. ముందు అద్దము వెనుక, ఎడమవైపున, బయటికి కనబడునట్లు కారు సంఖ్య కలదు. 1970 హెమీ బారకూడాకు అది బి, ఎస్, 23, ఆర్, సున్న, బి అని మొదలగును. మొదటి అక్షరము బారకూడా యని, రెండవది దాని తరగతిని, 23 రెండు తలుపుల గట్టికప్పును, ‘ఆర్’ హెమీ ఇంజనును, సున్న 1970ని, చివరి ‘బి’ మిషిగన్ రాష్ట్రములోని హామ్‌ట్రామిక్ కర్మాగారమును తెలుపును. ఆ పిదప వచ్చు ఆరంకెలు ఆ యొక్క కారునకే చెందినవి. ఆ సంఖ్యలోని భాగమునే ఇంజను దిమ్మెమీదను, గేరుపెట్టెమీదను పోటువేసి చెక్కెడివారు. ఈ సంఖ్యలన్నియు కలిసినచో, ఆ కారు ఆ ఇంజనుతోనే పుట్టినదనుటకు అదియొక బలమైన సాక్ష్యము.

బోనెట్టు క్రింద మడ్‌గార్డు లోపలి రేకునకు చిన్న లోహపు పలక యొకటి బిగించియుండును. రంగు, సీటుబట్ట, కోరిన అదనపు సామగ్రి, అన్నియు దానిపై సంకేతములుగా నుండును. కర్మాగారమున కూలీలకు సూచనగా ముద్రించిన కాగితమును కొన్నిమారులు సీటు స్ప్రింగులలోనో తివాచీ క్రిందనో వదలివేసెడివారు. ఎలుకలు కొట్టక మిగిలిన ఆ కాగితము నేడు పాత భూముల దస్తావేజు వంటిది. పాత సీటును చింపి పారవేసిన తొందరపాటువాడు దస్తావేజునే పారవేసినవాడగును.

పిదప విప్పుట. ప్రతి భాగమును విప్పకముందు ఫొటో తీయవలెను. ప్రతి బోల్టును వేరు సంచిలో వేసి చీటి కట్టవలెను. మురికిని మెల్లగా కడుగగా, ఆనాటి తనిఖీదారు పెట్టిన రంగు గుర్తులు కొన్ని బయటపడును. వానిని వ్రాసికొనిన పిమ్మటనే రేకు పని. ఇసుకను అతివేగముగా కొట్టినచో తుప్పుతోపాటు పలుచని రేకు వంకరపోవును. కుళ్లిన చోట మాత్రము కోసి, కొత్తముక్క అతుకవలెను. పైకప్పునకు వెనుకరేకునకు నడిమి అతుకును ఆనాడు సీసముతో పూడ్చెడివారు; నేటి టింకరు పుట్టీతో సరిపెట్టుట సులభము, కాని పాతపద్ధతి తెలిసినవాడు సీసమునే కరగించి పూయును.

ఇక అసలు భాగముల వేట. వీనిలో మూడు రకములు కలవు. ఆ కారుతోనే పుట్టినవి మొదటివి. ఆనాడే తయారై, ఏ డీలరు కొట్టులోనో పెట్టెవిప్పక మిగిలినవి రెండవవి. నేడు పాతవాని నమూనాపై చేయు కొత్తవి మూడవవి. ఇంజను దిమ్మె, అద్దము, ఆల్టర్నేటరు మొదలగువానిపై తయారైన కాలమును తెలుపు గుర్తులుండును. ఇచ్చట తర్కము సులభము: కారు తయారైన దినమునకు తరువాత పుట్టిన భాగము ఆ కారుతో వచ్చియుండదు. కావున కొన్నివారములు ముందు పుట్టిన సరియైన భాగమునకై ఏండ్లు కాచియుండువారు కలరు.

ఇందు ధర్మసందేహములును లేకపోలేదు. ఆనాటి పెట్రోలులో సీసపు సమ్మేళనముండెడిది. 1996లో అమెరికాలో రోడ్డు వాహనములకు దానిని నిషేధించిరి. కావున ఇంజనులో గట్టి లోహపు వాల్వు సీట్లమర్చుట వివేకమే. పాతరకపు టైర్లు ప్రదర్శనకు శోభనిచ్చును గాని, దూరప్రయాణమునకు నేటి టైర్లే క్షేమము. ఇట్టి మార్పు దోషము కాదు; దానిని పుస్తకమున వ్రాసియుంచక పోవుటయే దోషము. రంగు విషయమున మరియొక వింత. ఆనాటి కర్మాగారపు రంగు నారింజతొక్కవలె గరుకుగా నుండెడిది; అచ్చటచ్చట జారియు నుండెడిది. దానిని అద్దమువలె మెరపించినచో కారు అందగించును గాని అబద్ధమాడును. మంచి పనివాడు ఆనాటి లోపమునుగూడ కాపాడును.

అబద్ధమను మాట తేలికగా వాడినది కాదు. 1971లో చేసిన హెమీ బారకూడా, మడుచు కప్పు కలది, 2014లో వేలమున 35 లక్షల డాలర్లు పలికినది. ఇంత వెల కలచోట మసిపూసి మారేడుకాయ చేయువారుందురు. సామాన్యపు బారకూడాలో హెమీ ఇంజను బిగింపవచ్చును. అట్లని చెప్పి అమ్మినచో తప్పులేదు. ఇంజనుపై పాతసంఖ్య చెరపి కొత్తసంఖ్య చెక్కినచో, అది జీర్ణోద్ధరణము కాదు, దొంగదస్తావేజు. అట్టి పని కొనువానినొక్కనినే మోసగించుటతో ఆగదు. 652లో ఎన్ని మిగిలినవను చరిత్రనే అది కలుషితము చేయును.

జీర్ణోద్ధరణము చేయకుండుటయే ఉత్తమమగు సందర్భమును కలదు. 1968లో వచ్చిన ‘బులిట్’ చిత్రమున నటుడు స్టీవ్ మెక్వీన్ నడపిన ఆకుపచ్చ మస్టాంగ్ కారు 1974లో ఒక సామాన్య కుటుంబము చేతికి వచ్చెను. మెక్వీన్ 1977లో తిరిగి యిమ్మని ఉత్తరము వ్రాసినను వారు ఇయ్యలేదు. 2018లో డెట్రాయిట్ ప్రదర్శనలో అది లోకమునకు కనబడునప్పటికి, రంగు వెలసి, రేకు నొక్కుకొనిపోయి, చిత్రీకరణకై క్రింద అతికిన కెమెరా పట్లతో సహా ఉన్నదున్నట్లుండెను. 2020 జనవరిలో ఫ్లారిడాలో అది 37 లక్షల 40 వేల డాలర్లకు అమ్ముడుపోయెను. ఎవరైనను దానికి మెరుగుపెట్టియున్నచో ఆ కెమెరా పట్లు ఎప్పుడో కోసివేయబడియుండును.

కావున అసలు భాగము గొప్పతనము దాని నాణ్యతలో లేదు. నేడు చేసిన బోల్టు ఆనాటి బోల్టుకంటె గట్టిదే కావచ్చును. అయినను అది ఆనాడు హామ్‌ట్రామిక్‌లో ఏ కూలీ చేతను బిగింపబడలేదు. ఆ కర్మాగారము 1980లో మూతపడినది. అందలి చేతిపనికి మిగిలిన సాక్షులు ఈ ఇనుపముక్కలే. పాతవస్తువును బాగుచేయువాడు ముందుగా దాని మాట వినవలెను. విన్నదానిని చెరపకుండ పని సాగింపవలెను. తాను చేర్చినది తనదేయని వ్రాసి పెట్టవలెను. ఇది కారునకే కాదు, ఇంటనున్న తాళపత్రమునకు, తాతనాటి గడియారమునకు, ఊరి గుడిలోని శిలాశాసనముపై వేయు సున్నమునకు గూడ వర్తించును.