పరుగు పరీక్షకు బూట్లు, పొడులు

తెల్లవారకముందే మార్కాపురము, గిద్దలూరు దారులపై పరుగిడు యువతీయువకులలో పెక్కుమందికి పతకములపై ఆశ లేదు. పోలీసు కొలువుపై ఆశ కలదు. మన రాష్ట్రమున 2022లో వెలువడిన కానిస్టేబుళ్ల నియామక ప్రకటన ననుసరించి 1600 మీటర్ల దూరమును పురుషులు 8 నిమిషములలోను, స్త్రీలు 10 నిమిషముల 30 సెకండ్లలోను ముగింపవలెను. గడువు దాటినచో అంతవరకు చదివిన చదువు అక్కరకు రాదు. అందుచేతనే వానను నమ్ముకొన్న సేద్యగాడు సయితము అప్పుచేసియైనను బిడ్డకు ఖరీదైన బూట్లు, డబ్బాలలోని పొడులు కొనిపెట్టుటకు సిద్ధపడును. ఆ వ్యయమునకు తగిన ఫలము కలదా యని మేము పరిశోధకుల వ్రాతలు చూచితిమి.

మొదట బూట్ల మాట. 1960లో రోము ఒలింపిక్ మారథానును అబెబె బికిలా వట్టికాళ్లతో గెలిచెను. 1964లో టోక్యోలో బూట్లు తొడిగి మరల గెలిచెను. నేడు మందమైన తేలిక స్పాంజి అడుగు, దాని నడుమ కార్బను పలకయు గల బూట్లు వచ్చినవి. (మార్కాపురము వారు దీనిని తమ పలక యనుకొనరాదు!) 2018లో ప్రకటితమైన కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధనలో, ఇట్టి బూట్లు తొడిగిన 18 మంది మేటి పరుగుగాండ్రకు శక్తి వ్యయము సగటున 4 శాతము తగ్గినది. అయితే వారు గంటకు 14 మొదలు 18 కిలోమీటర్ల వేగమున పరుగిడిరి. ఎనిమిది నిమిషములలో 1600 మీటర్లనగా గంటకు 12 కిలోమీటర్లే. ఆ వేగమున పరీక్షించిన వారికి లాభము సగటున 1.4 శాతమే యని 2023లో తేలినది. కొందరికి అదియును లేదు. మన లెక్కకు అది ఏడు సెకండ్లకు మించదు. పైగా ఆ పరీక్షలు ట్రెడ్‌మిల్లుపై జరిగినవి, మట్టి మైదానమున కాదు. బూటు బరువు 100 గ్రాములు పెరిగినచో శక్తి వ్యయము సుమారు 1 శాతము పెరుగునని తెలిసినదే. కావున తేలికయై, కాలికి కుదిరి, అలవాటుపడిన బూటు చాలునని మా యభిప్రాయము.

ఇక ఆహారము. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయము వారు 2009లో కొందరు పురుషులచే ఆరు దినములు దినమునకు అరలీటరు బీటురూటు రసము త్రాగించి సైకిలు తొక్కించిరి. అలసిపోవు వరకు తొక్కిన కాలము సుమారు 16 శాతము పెరిగినది. దానిలోని నైట్రేటు మన తోటకూరలోను, పాలకూరలోను కలదు. బాగుగా సాధనచేసిన వారికి ఈ లాభము తక్కువ. కాఫీలోని కెఫీను, దేహభారమునకు కిలోకు 3 మిల్లీగ్రాములు మొదలుకొని, పరుగునకు గంట ముందు పుచ్చుకొన్న ఓపిక పెంచును; కొందరికి గుండెదడయు పుట్టించును గనుక పరీక్షనాడే తొలిసారి వాడరాదు. కండలు పెంచు స్టెరాయిడు సూదులు గుండెను, కాలేయమును చెరచును.

ఆడపిల్లల విషయమున మరియొకటి. రక్తహీనత యున్నచో ఏ బూటును, ఏ పొడియు పనిచేయదు. రక్తపరీక్షలో ఇనుము లోపము బయటపడినచో వైద్యుడు మాత్రలు వ్రాయును. అవి గుణమిచ్చుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. కావున ఆ పరీక్షను నియామక ప్రకటన వెలువడక మునుపే చేయించవలెను.