ఇంటిమాట - చేతిరాత
(షోలాపురం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు తెల్లవారి మన వీధిలోకి చూస్తే వొక ముచ్చట కనబడుతుంది. పక్కింటి మరాఠీవారి గుమ్మం ముందు పట్టుగుడ్డ, వేపరెమ్మ, చక్కెర బిళ్ళల దండ కట్టిన గుఢీ నిలబడి వుంటుంది. మన గుమ్మానికి మామిడి తోరణం. వారింట పురణ్ పోళీ, మన యింట భక్షాలు. వేపచేదూ బెల్లపు తీపీ యిరువురికీ వున్నవే. చైత్ర శుద్ధ పాడ్యమితో యేడు మొదలుపెట్టడంలోనూ, శాలివాహన శకం లెక్కించడంలోనూ మనమూ వారూ వొక్కటే. కనుక పండుగను నిలుపుకోవడానికి మన పెద్దలు యెవరితోనూ పెనగులాడవలసిన పని లేకపోయింది. భాష సంగతి అట్లా కాదు.

మన పెద్దలు మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణా పల్లెల నుండి వచ్చినారు. అప్పుడది నిజాం రాజ్యం, ఇది బొంబాయి ఇలాకా. 1956లో ఆ పల్లెలు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. 1960లో యీ ఊరు మహారాష్ట్రలో భాగమైనది. 2014లో ఆ పల్లెలు తెలంగాణ రాష్ట్రానివైనవి. ఎల్లలు యిన్నిసార్లు మారినా మన యింటి మాట మారలేదు. అందుకు పెద్దల పట్టుదల వొక్కటే కారణం కాదు. గుంటమగ్గం యింట్లోనే వుండేది. నాయన నేస్తుంటే అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. పిల్లలం అందించేవాళ్ళం. పడుగు, పేక, నాడె, ఆసు - యీ మాటలు మాకెవరూ పాఠంగా చెప్పలేదు. కథలూ, లెక్కలూ, తిట్లూ అన్నీ ఆ మగ్గం చుట్టూ తెలుగులోనే సాగేవి.

తరువాత మరమగ్గాలు వచ్చినవి. దుప్పట్లకూ తువాళ్ళకూ ఊరి పేరు దేశమంతా పాకింది. అది మనకు గర్వకారణమే. కాని పని యిల్లు దాటి షెడ్డుకు పోయింది. మరమగ్గం చప్పుడులో పక్కవాని మాటే వినబడదు, యిక కథ యెక్కడ? తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ గుమ్మాల్లో కూర్చున్న ఆడవాళ్ళ నోట మాత్రం తెలుగు నిలిచింది. ఆ రుణం మనం మరువరాదు.

నోట నిలిచినది చేతికి రాలేదు. ఆ తప్పు మాదే. పిల్లలు మరాఠీ బడిలో వెనుకబడతారేమోనని మేమే తెలుగు అక్షరాలను పక్కన పెట్టినాము. మా పెద్దలు మాకు నేర్పలేదు, మేము మా పిల్లలకు నేర్పలేదు. నేడు మన యిళ్ళలో తెలుగు పెళ్ళిపాటకు మరాఠీ లిపి కావలసి వస్తున్నది.

మా యింటి సంగతి వొకటి చెప్పుకుంటాము. స్వగ్రామం నుండి వచ్చే కార్డులు నాయన చదివేవాడు. ఆయన పోయిన తరువాత మేనత్త దగ్గరనుండి వొక కార్డు వచ్చింది. అమ్మకు చదువు రాదు. మాకు చదువు వచ్చు, తెలుగు రాదు. చదువుకున్న కొడుకులుండి పక్కింటికి పోయి చదివించుకోవడమా అని సిగ్గుపడి, తరువాత చూద్దామని పెట్టెలో వేసినాము. ఏళ్ళు గడిచినవి. అమ్మ పోయిన తరువాత పెట్టె సర్దుతుంటే ఆ కార్డు బయటపడింది. వీధిలోని వొక పెద్దాయన చదివినాడు. "ఉగాదికి పిల్లల్ని తోలుకొని రా వదినా, వొక్కసారి చూడబుద్ధవుతున్నది" అని వున్నది అందులో. అప్పటికి మేనత్త లేదు. ఆమె మమ్మల్ని యేమనుకుని పోయిందో యిక తెలుసుకునే దారి లేదు.

జంధ్యాల పున్నమినాడు మార్కండేయస్వామి రథం వెంట వేలమంది నడుస్తాము. బతుకమ్మకు వీధులు నిండుతవి. గుంపుగా చేసేవి నిలుస్తవి. అక్షరం నేర్పడం మాత్రం వొక్కొక్క యింట, వొక్కొక్క బిడ్డ పక్కన కూర్చుని చేయవలసిన పని. సంఘం అది చేయలేదు.

మరాఠీ మీద మనకు కినుక లేదు. అది మనకు అన్నం పెట్టింది. పిల్లలు దానిని చక్కగా నేర్వవలసిందే. మేము కోరేది కొంచెమే. ఆదివారం వొక గంట తెలుగు అక్షరాలకు వుంచండి. పెళ్ళిపత్రికలో వొక పుట తెలుగులో అచ్చువేయించండి. స్వగ్రామంలోని చుట్టాలకు పిల్లలచేత నాలుగు వాక్యాలు రాయించండి. అది కార్డు కానక్కరలేదు, ఫోనులోనైనా సరే. తప్పులుంటే వుండనివ్వండి. అవ్వ చెప్పే మగ్గం మాటలను మనుమరాలు వొక నోటుబుక్కులో యెక్కించితే అంతకంటె ఆస్తి లేదు.

ఈ ఉగాదికి మేము యాభై ఆరు అక్షరాలూ దిద్దడం మొదలుపెట్టినాము. మా పలకపై తప్పులు దిద్దుతున్నది మా మనుమరాలే. ఇద్దరమూ కలిసి నేర్చుకుంటున్నాము.