మురుగునీటిలో జబ్బు జాడ

2016 జూన్. హైదరాబాద్‌లో ఏ బిడ్డకూ పోలియో రాలేదు. అయినా ఆరోగ్య శాఖ హడావుడిగా పసిపిల్లలకు పోలియో ఇంజెక్షన్లు వేయించింది. ఎందుకంటారా? నగర మురుగునీటి నమూనాలో పోలియో వైరస్ కనబడింది. చుక్కల మందులోని బలహీనమైన వైరసే రూపు మార్చుకున్న రకమది.

మురుగులోకి వైరస్ ఎలా వచ్చింది? పోలియో సోకినవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. కానీ మలంలో వైరస్ పోతూనే ఉంటుంది. కాలువలో కలుస్తుంది. అంటే, ఆసుపత్రి గడప తొక్కని మనిషి జాడ కూడా మురుగులో దొరుకుతుందన్నమాట.

2020లో కరోనా అప్పుడూ అంతే. సీసీఎంబీ, ఐఐసీటీ అనే పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగుశుద్ధి కేంద్రాల నీళ్లు పరీక్షించారు. లెక్కకొచ్చిన కేసులకన్నా ఎన్నో రెట్లమందికి సోకిందని అంచనా కట్టారు. ఎవరి ముక్కులోనూ పుల్ల పెట్టకుండానే!

ఒక్క మాట. మురుగు ఊరి సంగతి చెబుతుంది. ఇంటి సంగతి చెప్పదు. ఫలానావారికి జబ్బుందని దానివల్ల తెలియదు. కాబట్టి మీ పేట కాలువలో ఎవరైనా పరీక్షకు నీళ్లు పడుతుంటే కంగారు పడకండి. పిల్లల టీకా కార్డు మాత్రం ఒకసారి తీసి చూడండి. ఏదైనా మిగిలిపోతే ఈ వారమే వేయించండి.