నవాబుగారి పింగాణీ, మా ఇంటి కప్పులు

(హనుమకొండలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి చెప్పే వక్తలు చాలామంది ఉన్నారు. నేను కప్పుల గురించి రెండు మాటలు చెప్పి కూర్చుంటాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో డిపార్ట్‌మెంటల్ పరీక్షలు రాయడానికి కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు వెళ్ళాను. పరీక్ష అయ్యాక సాలార్‌జంగ్ మ్యూజియం చూశాను. అందరూ గంట కొట్టే గడియారం దగ్గర గుమిగూడితే, నేను ఫ్రెంచి పింగాణీ దగ్గర నిలబడిపోయాను. అన్నం తినే పళ్ళేనికి ఇంత పనితనమా అనిపించింది.

వాటిని సేకరించిన మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, రాజు కాదు. 1912 నుంచి 1914 వరకు నిజాంగారి దివాన్. పెళ్ళి చేసుకోలేదు. సేకరణే లోకంగా బతికి 1949లో కన్నుమూశారు. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దివాన్ దేవిడీలో మ్యూజియం ప్రారంభించారు. 1968లో అది ఇప్పటి భవనానికి మారింది.

ఫ్రెంచి పింగాణీలో పేరుమోసినది పారిస్ దగ్గరి సేవ్ర్ కార్ఖానా. 1740లో విన్సెన్‌లో మొదలై, 1756లో సేవ్ర్‌కు మారింది. 1759లో పదిహేనవ లూయీ రాజు దాన్ని సొంతం చేసుకున్నాడు. ఆనాటి కప్పును బోర్లిస్తే, అడుగున రాజుగారి పేరులోని ‘ఎల్’ అక్షరాలు రెండు పెనవేసుకొని కనిపిస్తాయి. 1753 నుంచి వాటి మధ్య ఏడాదికొక అక్షరం వేసేవారు. చాలావాటికి పక్కనే పూలు వేసిన చిత్రకారుడి గుర్తు, బంగారం పూసినవాడి గుర్తు కూడా ఉంటాయి. నోట్‌ఫైలులో ఆఫీసరు సంతకంతోపాటు మన ఇనిషియల్ ఉన్నట్టే!

ఇక మా ఇంటి సంగతి. నా పదవీ విరమణ రోజున సెక్షన్‌వాళ్ళు టీ సెట్టు ఇచ్చారు. వరంగల్ చౌరస్తాలో కొన్నదే. అట్టపెట్టె మూత లోపల పదకొండుమంది సంతకాలు చేశారు, అటెండరుతో సహా. పగులుతాయని మా ఇంటావిడ బీరువాలో పెట్టి తాళం వేసింది. మొన్న తీసి చూస్తే కప్పులు కొత్తగానే ఉన్నాయి. సంతకాలు చేసినవారిలో నలుగురు లేరు. వాళ్ళలో ఒక్కరికీ ఆ కప్పులో టీ ఇవ్వలేదు.

నవాబుగారి కప్పులు అద్దాల వెనుక ఉన్నది నలుగురూ చూడటానికి. మావి తాళంలో ఉన్నది ఎవరికోసం? అదే అడిగితే ఇంటావిడ, “పగిలితేనో?” అంది. “పగలనీ” అన్నాను. తాళంచెవి చేతిలో పెట్టింది.

మిగిలిన ఏడుగురిలో ముగ్గురు ఈ సభలోనే ఉన్నారు. ఆదివారం సాయంత్రం మా ఇంటికి టీకి రండి. పెట్టె మూత మాత్రం దాచుకుంటాను.

సెలవు.