పురి తిప్పితేనే జీన్ పలుకుతుంది: బ్యాక్టీరియా డీఎన్ఏ, సిప్రో మాత్ర

ఈరోజు మాట్లాడబోయేది బ్యాక్టీరియా డీఎన్ఏ గురించి. "అమ్మో, బయాలజీ క్లాసా" అని స్క్రోల్ చేసేయకండి. మీ ఇంట్లో మందుల డబ్బాలో సిప్రోఫ్లాక్సాసిన్ షీటు ఒకటి ఉండే ఉంటుంది. ఆ మాత్ర సరిగ్గా ఎక్కడ దెబ్బ కొడుతుంది, టైఫాయిడ్‌కి ఇప్పుడు చాలామందిలో ఎందుకు పనిచేయట్లేదు అన్నది తెలియాలంటే, బ్యాక్టీరియా తన డీఎన్ఏని ఎలా చుట్టిపెట్టుకుంటుందో తెలియాలి.

ముందు సైజు సంగతి చూద్దాం. మన పేగుల్లో ఉండే ఈ.కోలైని తీసుకోండి. 1997లో దాని జీనోమ్ మొత్తం చదివేశారు. 46 లక్షల పైచిలుకు అక్షరాలు, సుమారు 4,300 జీన్లు, అన్నీ ఒకే ఒక్క గుండ్రటి డీఎన్ఏ మీద. దాన్ని సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటర్ పొడవు వస్తుంది. మరి ఆ బ్యాక్టీరియా పొడవు? దాదాపు 2 మైక్రాన్లు. అంటే తనకంటే ఏడెనిమిది వందల రెట్లు పొడవైన దారాన్ని లోపల పెట్టుకుని తిరుగుతోంది. పైగా దానికి మనకున్నట్టు న్యూక్లియస్ అనే గది కూడా లేదు.

చాలామంది ఇక్కడ ఏమనుకుంటారంటే, చుట్టడం అంటే సర్దుకోవడమే, సూట్‌కేసులో బట్టలు కుక్కినట్టు అని. కాదండీ. ఎలా చుట్టారు అన్నదే ఏ జీన్ పనిచేయాలి, ఏది నోరు మూసుకోవాలి అన్నది చాలావరకు నిర్ణయిస్తుంది. నాకైతే ఈ సబ్జెక్టు మొత్తంలో అన్నిటికంటే అందమైన విషయం ఇదే.

ఎలాగో చెప్తాను. రెండు పోగుల పురికొస ఒకటి తీసుకోండి. రెండు చివర్లూ పట్టుకుని, పురి ఉన్న వైపుకే ఇంకా తిప్పితే అది బిగిసిపోతుంది, పోగులు విడదీయడం కష్టం. అదే పురికి ఎదురు తిప్పారనుకోండి, పోగులు విడిపోవడానికి రెడీగా ఉంటాయి. చేతులు కొంచెం దగ్గరికి తెస్తే తాడు తన మీద తానే మెలికలు పడుతుంది కూడా. బ్యాక్టీరియా తన డీఎన్ఏని ఇలా ఎదురు తిప్పే ఉంచుకుంటుంది. దాన్నే నెగటివ్ సూపర్‌కాయిలింగ్ అంటారు. జీన్ చదవాలంటే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్ ఆ రెండు పోగుల్నీ విడదీయాలి కదా. ముందే వదులుగా ఉంటే దాని పని సులువు.

ఈ ఎదురు పురి పెట్టే మెషీన్ పేరు డీఎన్ఏ గైరేజ్. 1976లో మార్టిన్ గెలర్ట్ బృందం దాన్ని కనిపెట్టింది. అది చేసే పని వింటే ఒళ్ళు జలదరిస్తుంది. డీఎన్ఏ రెండు పోగుల్నీ తెగ్గొడుతుంది, ఆ సందులోంచి డీఎన్ఏ ఇంకో భాగాన్ని దూర్చుతుంది, మళ్ళీ అతికిస్తుంది. తెగిన కొసల్ని అంతసేపూ తనే పట్టుకుని ఉంటుంది. దీనికి ఏటీపీ కావాలి, అంటే సెల్‌లో ఉండే ఎనర్జీ. ఎదురు పురి మరీ ఎక్కువైతే తగ్గించడానికి టోపోఐసోమరేజ్ వన్ అని ఇంకో ఎంజైమ్ ఉంది. ఇద్దరి మధ్య తూకం అన్నమాట.

ఇందులో తమాషా ఏంటంటే, డీఎన్ఏలో ఆ ఎదురు పురి తగ్గగానే గైరేజ్‌ని తయారుచేసే జీన్లే ఎక్కువగా పనిచేస్తాయి. ట్యాంకులో నీళ్ళు తగ్గగానే మోటర్ దానంతట అదే ఆన్ అయినట్టు. మిగతా చాలా జీన్లు కూడా ఈ పురిని బట్టి హెచ్చుతగ్గులవుతాయి. తిండి దొరికితే ఏటీపీ పెరుగుతుంది, పురి మారుతుంది. ఉప్పు ఎక్కువైనా మారుతుంది. అంటే బయటి ప్రపంచం వార్త ఒక్కసారే వందల జీన్లకి తాడు ద్వారా అందుతోంది. 1988లో రిచర్డ్ లెన్స్‌కీ మొదలుపెట్టిన ఈ.కోలై ప్రయోగం గురించి వినే ఉంటారు. 12 గుంపుల్ని వేల తరాలు పెంచుతూ వచ్చారు. వాటిలో ఎక్కువ గుంపుల్లో ఈ పురే మారిపోయింది. ఎవరూ నేర్పలేదు, పెరగడానికి పనికొచ్చింది కాబట్టి నిలిచింది.

పురి ఒక్కటే కాదు, డీఎన్ఏకి అంటుకునే ప్రొటీన్లు కూడా ఉన్నాయి. వాటిలో ఒక్కదాని గురించే చెప్తాను, హెచ్-ఎన్‌ఎస్. ఇది ఇంటికి కాపలాదారు లాంటిది. బ్యాక్టీరియాలు పక్కవాటి నుంచి జీన్లు తెచ్చుకుంటూ ఉంటాయి. ఆ కొత్త జీన్లలో తరచుగా ఏ, టీ అక్షరాలు ఎక్కువ. హెచ్-ఎన్‌ఎస్ ఆ అక్షరాలు ఎక్కువున్న చోట పరుచుకుని, ఆ జీన్ల నోరు నొక్కేస్తుంది. సాల్మొనెల్లాలో ఇలా జరుగుతుందని 2006లో చూపించారు.

టైఫాయిడ్ తెచ్చేది కూడా సాల్మొనెల్లాలో ఒక రకమే. మనల్ని జబ్బు చేయించే జీన్లలో చాలావరకు ఇలా బయటి నుంచి వచ్చినవే. మామూలప్పుడు హెచ్-ఎన్‌ఎస్ వాటిని మూసి ఉంచుతుంది, ఎందుకంటే ఊరికే వాడితే బ్యాక్టీరియాకే దండగ. మన తెల్ల రక్తకణం దాన్ని మింగగానే లోపల ఆమ్లం తగులుతుంది. అప్పుడు ఎస్ఎస్ఆర్-బీ లాంటి ప్రొటీన్లు వచ్చి హెచ్-ఎన్‌ఎస్‌ని పక్కకి నెట్టేస్తాయి, మూసి ఉన్న జీన్లు తెరుచుకుంటాయి. చంపడానికి మింగిన కణంలోనే అది కాపురం పెడుతుంది! రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా ఇంకో రకం. దాని వర్-ఎఫ్ అనే జీన్ దగ్గర డీఎన్ఏలో ఒక వంపు ఉంటుంది. సుమారు 32 డిగ్రీలు దాటితే ఆ వంపు మారి, హెచ్-ఎన్‌ఎస్ పట్టు సడలుతుంది. మన ఒంటి వేడి 37 కదా. లోపలికి వచ్చానని దానికి అలా తెలుస్తుంది.

ఇప్పుడు మాత్ర దగ్గరికి వద్దాం. గైరేజ్ డీఎన్ఏని తెగ్గొట్టి పట్టుకునే క్షణం ఉంది చూశారా, సిప్రోఫ్లాక్సాసిన్ సరిగ్గా అక్కడ ఇరుక్కుంటుంది. కోత పడింది, అతుకు పడదు. క్రోమోజోమ్ ముక్కలై బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మన కణాల్లో గైరేజ్ లేదు, అందుకే మందు వాటిని చాలావరకు వదిలేస్తుంది.

కానీ గైరేజ్‌లో 83వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందు పట్టు జారిపోతుంది. గైరేజ్ మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. మన దేశంలో తిరిగే టైఫాయిడ్ బ్యాక్టీరియాలో ఈ మార్పు ఇప్పుడు మామూలైపోయింది. అందుకే డాక్టర్లు అజిత్రోమైసిన్, సెఫ్ట్రియాక్సోన్ వైపు వెళ్ళాల్సి వచ్చింది.

ఇది చెప్తుంటే నాకు కోపం కూడా వస్తుంది. రెండు మోషన్లు అయితే చాలు, మెడికల్ షాపుకెళ్ళి "ఒక సిప్రో ఇవ్వండి" అంటాం, రెండు మాత్రలు వేసుకుని మిగతావి డబ్బాలో పడేస్తాం. ఆ రెండు మాత్రలకి మామూలు బ్యాక్టీరియా చస్తుంది, 83 దగ్గర మారినది మిగులుతుంది, మిగిలినదే పెరుగుతుంది. జ్వరం నాలుగు రోజులు దాటి టైఫాయిడ్ అనుమానం ఉంటే, డాక్టర్‌ని బ్లడ్ కల్చర్ గురించి అడగండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీస్తే బ్యాక్టీరియా దొరికే అవకాశం ఎక్కువ, దానికి ఏ మందు పనిచేస్తుందో కూడా అందులోనే తెలుస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ప్లాస్మిడ్ల గురించి మాట్లాడుకుందాం. ఉంటాను.